పాత ఫోనుకు కొత్త వ్యవస్థ

తయారీదారులు నవీకరణలు నిలిపివేసిన ఫోను నిరుపయోగం కానక్కరలేదు. 2016 డిసెంబరులో సయనోజన్‌మాడ్ ఆగిపోగా, దాని వారసత్వంగా వచ్చిన లీనియేజ్ ఓఎస్ అనేక పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు ఉచితంగా లభిస్తున్నది. హోసూరు ప్రాంతపు మా పిల్లల తెలుగు పఠనానికి అటువంటి ఫోన్లను సిద్ధం చేస్తున్నాను.

బూట్‌లోడర్ తాళం తీసినప్పుడు ఫోనులోని సమాచారమంతా సాధారణంగా చెరిగిపోతుంది. ఒక విద్యార్థిని తెచ్చిన ఫోనులో, కీర్తిశేషురాలైన వాళ్ళ అవ్వ చెప్పిన తెలుగు కథలున్నాయి. వాటిని కంప్యూటరులోకి, పెన్‌డ్రైవులోకి నకలు చేసి, ఇద్దరమూ విని సరిచూసుకొన్న పిమ్మటే తాళం తీశాను. తరువాత రికవరీని, సరిగ్గా ఆ నమూనాకు ఉద్దేశించిన లీనియేజ్‌ను స్థాపించి, కథలను తిరిగి చేర్చాను.

తల్లిదండ్రులారా, పాత ఫోను ఇచ్చేముందు అందులోని పెద్దల గొంతులను భద్రపరచండి. పిల్లలకు అవీ పాఠ్యపుస్తకాలే.