లైటు వెలగని జబ్బు

మన సంచికలో కవితలు రాసేవాళ్ళున్నారు, అంబేద్కర్ గారి గురించి రాసేవాళ్ళున్నారు, గ్రూప్స్‌కు ఎలా ప్రిపేర్ కావాలో చెప్పే అన్నలున్నారు. మేము ముగ్గురం చేసేది మోటారు పని. పదో తరగతి దాకా ఇదే హాస్టల్ మెస్సులో తిని, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివి, ఇప్పుడు నల్లగొండ శివారులో ఒక షెడ్డు పెట్టుకుని బతుకుతున్నాం. కనుక మాకు తెలిసినదే రాస్తున్నాం. కార్లలో పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు ఒకటుంటుంది. అది చెడిపోతే ఎలా కనిపెట్టాలన్నదే ఈ వ్యాసం. ట్రేడు చదువుతున్న తమ్ముళ్ళకు పనికొస్తుంది, కారు కొనుక్కున్న అన్నలకు నాలుగు డబ్బులు మిగులుతాయి.

మాలో ఒకడిది దేవరకొండ, ఒకడిది నకిరేకల్, ఇంకొకడిది అచ్చంపేట. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు అచ్చంపేట మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్‌లోకి పోయింది గానీ, ఎండలు మాత్రం విడిపోలేదు. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు మామూలు. ఆ ఎండలో నిలబెట్టిన కారు ట్యాంకులో పెట్రోల్ ఊరికే ఉండదు, ఆవిరవుతూనే ఉంటుంది. పాత అంబాసిడర్, ఫియట్ కార్లలో ఆ ఆవిరి గాలిలో కలిసిపోయేది. పెట్రోల్ ఆవిర్లు, ఇంజను వాయువులు ఎండకు కలిసి ఓజోన్‌గా మారి కళ్ళు మండించే పొగమంచు పుడుతుందని అమెరికాలోని లాస్ ఏంజిలస్ నగరం విషయంలో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల మొదట్లో తేల్చాడు. ఆ తర్వాత 1970 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలో ఆవిరిని బయటికి వదలకూడదన్న నిబంధన పెట్టారు. ఆ నిబంధనలు నెమ్మదిగా మన దాకా వచ్చాయి. మూసిన గదిలో పెట్టి పరీక్షిస్తే కారు నుంచి వెలువడే ఆవిరి మొత్తం 2 గ్రాములు దాటకూడదని మన బీఎస్-6 నిబంధన చెబుతుంది.

ఏర్పాటు చూస్తే పెద్ద మాయ ఏమీ లేదు. ట్యాంకు నుంచి ఒక పైపు నల్లటి డబ్బాలోకి పోతుంది. దాన్ని క్యానిస్టర్ అంటారు. లోపల ఉండేది ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు, అది ఆవిరిని పీల్చి పట్టుకుంటుంది. డబ్బాకు ఒక పక్క బయటి గాలి వచ్చే దారి ఉంటుంది. ఇంకో పక్క నుంచి ఇంజనుకు పైపు పోతుంది, ఆ దారిలో పర్జ్ వాల్వ్ అనే చిన్న కరెంటు వాల్వ్ ఉంటుంది. కరెంటు లేనప్పుడు అది మూసుకుని ఉండాలి. ఇంజను వేడెక్కాక కంప్యూటరు దాన్ని కొంచెం కొంచెంగా తెరుస్తూ ఆవిరిని ఇంజనులోకి లాగించి కాల్చేస్తుంది. మొత్తం ఇంతే.

చిక్కంతా ఎక్కడంటే, ఇది చెడితే లైటు వెలుగుతుందని అందరూ అనుకుంటారు. అమెరికా కార్లలో వెలుగుతుంది. అక్కడ 2000 సంవత్సరం తర్వాతి కార్లు అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా తమంతట తామే కనిపెట్టాలి. మన దేశంలో తిరిగే ఎక్కువ కార్లలో కంప్యూటరు చూసేది పర్జ్ వాల్వ్ వైరు బాగుందా, కాయిల్‌లో కరెంటు పారుతుందా అన్నంత వరకే. వైరు తెగితే పి0443, పి0444 లాంటి కోడ్ వస్తుంది. వాల్వ్ తెరుచుకునే ఉండిపోయినా, పైపు చినిగినా, డబ్బా పాడైనా చాలా బండ్లలో లైటు వెలగదు, స్కానర్‌లో ఏమీ కనబడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష కూడా సైలెన్సర్ పొగనే కొలుస్తుంది గానీ ట్యాంకు ఆవిరిని చూడదు. అందుకే స్కానర్ పెట్టి "కోడ్ లేదు, బండి బాగుంది" అని పంపించేయడం మాకు నచ్చదు.

మన హాస్టల్‌లోనే మాకు మూడు నాలుగేళ్ళు సీనియర్ అయిన ఒక అన్న ఉన్నాడు. పదో తరగతి తర్వాత చదువు సాగక డ్రైవింగ్‌లో పడ్డాడు. పదేళ్ళు ఇతరుల బండ్లు తోలి, చివరికి కిస్తీల మీద పాత పెట్రోల్ కారు కొనుక్కున్నాడు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం సవారీలు వేసేవాడు. ఆమనగల్లు, డిండి, మన్ననూరు దాటి ఘాట్ ఎక్కడం, మళ్ళీ దిగడం. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో మా షెడ్డుకు వచ్చాడు. అప్పటికే రెండు చోట్ల చూపించాడు. ఒక చోట బ్యాటరీ, ఇంకో చోట ట్యాంకులోని పెట్రోల్ పంపు, ప్లగ్గులు మార్చారు. రెండు నెలల కిస్తీ డబ్బు అందులోనే పోయింది. జబ్బు అట్లనే ఉంది. ఫైనాన్స్ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఒక సాయంత్రం మన్ననూరు దగ్గర ముసలివాళ్ళతో ఉన్న కుటుంబాన్ని ఎక్కించుకుని బండి స్టార్ట్ కాక నిలబడ్డాడు. చీకటి పడితే అడవి గేటు మూసేస్తారు. వాళ్ళు వేరే బండి మాట్లాడుకుని పోయారు, కిరాయి ఇవ్వలేదు.

మేము బోనట్ ఎత్తలేదు. ముందు చాయ్ తెప్పించి అడిగాం.

"అన్నా, ఎప్పుడెప్పుడు స్టార్ట్ కాదు?"

"ఎప్పుడని చెప్పాలె తమ్మీ, ఒకపారి ఒక్క సెల్ఫ్‌కే లేస్తది. ఒకపారి పది నిమిషాలు కొట్టినా లేవది."

"ఆ లేవని రోజు అంతకుముందు ఏం జేసినవో యాది చేసుకో."

కాసేపు ఆలోచించి అన్నాడు. "పెట్రోల్ పోపిచ్చినప్పుడే అయితున్నట్టున్నది. మన్ననూరు కాడ గూడ గట్లనే. ట్యాంక్ ఫుల్ చేపిచ్చి ఎక్కిన."

ఇక సగం పని అయిపోయినట్టే. పెట్రోల్ పోసేటప్పుడు ట్యాంకులోని ఆవిరంతా డబ్బా వైపు తోసుకొస్తుంది. పర్జ్ వాల్వ్ మూసుకుని ఉంటే అది డబ్బాలో ఆగుతుంది. తెరుచుకుని ఉండిపోతే, సెల్ఫ్ కొట్టగానే నేరుగా ఇంజనులోకి పోతుంది. పెట్రోల్ ఎక్కువై, గాలి చాలక ఇంజను లేవదు. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువ పోయి లేస్తుంది. ఆ అన్న కూడా తెలియకుండానే అట్లా చేసి చాలాసార్లు బయటపడ్డాడు.

ఈ అడిగే పద్ధతి మాకు ఐటీఐలో రాలేదు, హాస్టల్ బోరు దగ్గర వచ్చింది. నీళ్ళు రాకపోతే మేమంతా "మోటారు కాలింది" అని అరిచేవాళ్ళం. కామాటి తాత మాత్రం ముందు వంటగదిలో బల్బు వెలుగుతుందా చూసేవాడు. తర్వాత ఫ్యూజు, తర్వాత స్టార్టర్, తర్వాత వాల్వ్ ఎవరైనా తిప్పారా అని చూసేవాడు. బోరులోంచి మోటారు పైకి తీయాలంటే మనుషులు కావాలి, డబ్బు కావాలి, రెండు రోజులు స్నానాలుండవు. అందుకని అది ఆయన లెక్కలో ఆఖరి మాట. మా షెడ్డులో వరస కూడా అదే. అడగడానికి ఖర్చు లేదు, చూడటానికి ఖర్చు లేదు, వేలు పెట్టి చూడటానికీ లేదు. పార్టు విప్పడం తర్వాత, కొనడం ఆ తర్వాత. మెకానిక్ ఊహించి మార్చిన పార్టుకు కూడా డబ్బు కట్టేది బండి యజమానే కదా.

అన్న కారును బంకుకు తీసుకుపోయి ట్యాంకు నింపించాం. అనుకున్నట్టే మొండికేసింది. స్టార్ట్ అయ్యాక, ఇంజను ఇంకా చల్లగా ఉన్నప్పుడే, వాల్వ్‌కు డబ్బా వైపు ఉన్న పైపు ఊడదీసి వేలు పెట్టాం. అప్పుడు లాగకూడదు. గట్టిగా లాగింది. పైపు మళ్ళీ పెట్టి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూస్తే మైనస్ 20 దాటి ఉంది, అంటే పెట్రోల్ ఎక్కువైందని కంప్యూటరు తగ్గిస్తోంది. పైపును నొక్కి పట్టుకోగానే ఆ అంకె సున్నా వైపు వచ్చింది, ఇంజను వణకడం ఆగింది. ఇక్కడ ఒక మాట. డబ్బా ఖాళీగా ఉన్న రోజున ఇదే జబ్బుకు ట్రిమ్ ప్లస్ వైపు పోతుంది, ఎందుకంటే అప్పుడు ఆవిరికి బదులు ఉత్త గాలి లోపలికి వస్తుంది. ఒక రోజు ప్లస్, ఒక రోజు మైనస్ చూసి చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మీద పడతారు.

వాల్వ్ విప్పి, కరెంటు ఇవ్వకుండా శుభ్రమైన పైపుతో ఊదితే గాలి పారింది. విదిలిస్తే నల్లటి రవ్వలు రాలాయి. బొగ్గు! వాల్వ్ మార్చేసి డబ్బులు తీసుకుంటే వారం పది రోజులు బాగుండేది, డబ్బాలోని బొగ్గు రాలి కొత్త వాల్వ్ కూడా ఇరుక్కునేది. డబ్బా దించి చూస్తే పెట్రోల్‌తో తడిసి బరువుగా ఉంది. "అన్నా, పెట్రోల్ ఎట్ల పోపిస్తవు?" అని అడిగాం. నాజిల్ తనంతట ఆగిపోయాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకో మూడు నాలుగు సార్లు నొక్కిస్తాడట. బంకులో అందరూ చేసేదే. ఆవిరి కోసం పెట్టిన డబ్బాలోకి ఆ అదనపు పెట్రోల్ ద్రవంగానే పోయి బొగ్గును పాడుచేస్తుంది. డబ్బా, వాల్వ్ రెండూ మార్చాం. డబ్బా ధర విని ఆయన మొహం చిన్నబోయింది. సగం అప్పుడిచ్చి, సగం దసరా సవారీల తర్వాత ఇచ్చాడు. బ్యాటరీకి, పంపుకు పెట్టిన డబ్బు మాత్రం ఆయనకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కారు అమ్మాలనుకున్నాడు, అమ్మలేదు. ఇప్పటికీ అదే దారిలో తోలుతున్నాడు.

మిగతా జబ్బులు త్వరగా చెబుతాం. మన మట్టి రోడ్ల దుమ్ముతోనో, కందిరీగలు కట్టిన మట్టిగూడుతోనో గాలి వచ్చే దారి మూసుకుపోతే, ట్యాంకు మూత విప్పగానే సుయ్యిమని గాలి లోపలికి పోతుంది. కొన్ని బండ్లు కొంత దూరం పోయి ఆగిపోతాయి, మూత విప్పి బిగిస్తే మళ్ళీ నడుస్తాయి. పెట్రోల్ వాసన వస్తే పైపులు ఎలుకలు కొరికాయేమో చూడాలి. వైరు కోడ్ వస్తే ముందు కనెక్టర్, తర్వాత కాయిల్. మా చేతికొచ్చిన కాయిళ్ళు 20, 30 ఓంల మధ్య చూపాయి, మీ బండికి కంపెనీ పుస్తకం చూసుకోండి. పొగ మిషన్‌తో లీకు వెతికితే అర పీఎస్ఐ మించకూడదు. కారు టైరులో 30 పైన ఉంటుంది, కనుక కంప్రెసర్ గాలి నేరుగా పెడితే ట్యాంకుకే ప్రమాదం. నోటితో పీల్చొద్దు. పక్కన బీడీ ముట్టించే వాళ్ళుంటే ముందు వాళ్ళను లేపండి. 2017 తర్వాత వచ్చిన బీఎస్-4 బైకుల్లోనూ ఈ డబ్బా చిన్నది ఉంటుంది. "ఇదేదో అనవసరం" అని పీకి పారేసే వాళ్ళను చూశాం, అది తప్పు.

డల్లాస్‌లో ఉంటున్న మన హాస్టల్ అన్న ఒకరు మొన్న ఫోన్ చేశారు. పెట్రోల్ పోయించిన మర్నాడు లైటు వెలిగిందట, కోడ్ పి0455, అంటే పెద్ద లీకు. లైటుంటే అక్కడ పొల్యూషన్ పరీక్ష పాస్ కారు. "మూత చూడన్నా" అన్నాం. రబ్బరు వాషర్ పగిలి ఉంది. కొత్త మూత పెట్టినా లైటు వెంటనే ఆరలేదని మళ్ళీ ఫోన్. ట్యాంకు మరీ నిండుగానో మరీ ఖాళీగానో ఉంటే ఆ కారు పరీక్ష చేసుకోదు, ఇంజను రాత్రంతా చల్లారి ఉండాలి, కొన్ని రోజులు ఆగమన్నాం. నాలుగో రోజు ఆరిందని మెసేజ్ పెట్టారు.

అన్న కారులోంచి తీసిన ఆ పాత డబ్బాను బాగా ఆరబెట్టి, రెండుగా కోసి మా షెడ్డు అరమరలో పెట్టాం. ట్రేడులో చేరిన తమ్ముళ్ళు సెలవుల్లో వచ్చి చూడొచ్చు. ఆదివారం మధ్యాహ్నం పని తక్కువ ఉంటుంది, నోటుబుక్కు తెచ్చుకోండి.