లారీలో రాగిముద్ద

పోయిన సంక్రాంతికి సదుం వెళ్ళా. పండక్కొచ్చిన సాఫ్ట్‌వేరు వాడికి ఊళ్ళో రెండు పనులు తప్పవని మీకూ తెలిసే ఉంటుంది... ఫోన్లు బాగుచెయ్యడం, పిల్లలు ఏ కోర్సులో చేరాలో చెప్పడం. ఈసారి మూడోది తగిలింది.

మా చిన్నాయన మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమోటా తోలతాడు. లారీ బీఎస్-6ది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ బళ్ళలో చాలావాటికి డీజిలుతో పాటు యూరియా నీళ్ళూ పొయ్యాలి. సరుకు దించి తిరిగొస్తా మొగిలి ఘాట్ ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డులో దీపం వెలిగి, ఇంజను పవరు పడిపోయిందట.

"ఏమప్పా, నువ్వు సాఫ్ట్‌వేరే కదా. ఆ నీళ్ళు అడక్కుండా బండి నడిచేట్టు ఏందన్నా రాసియ్యి. ఎవడో చిప్పు పెడతానంటా ఉండాడు."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం సరదా పుట్టింది. సెన్సరు పంపాల్సిన మెసేజీలు మనమే పంపితే సరి! కానీ 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ కథ గుర్తొచ్చింది. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచే కోడు కోటీ పది లక్షల కార్లలో పెట్టారు. అందులో పాలుపంచుకున్న ఒక ఇంజనీరుకి 2017లో 40 నెలల జైలు పడింది. మనలాంటి వాడే.

"ట్యాంకులో ఏం పోసినావు చిన్నాయనా?"

"యూరియానే. చేనుకి తెచ్చింది బోరు నీళ్ళలో కలిపినా."

అదీ సంగతి. కంపెనీ నీళ్ళలో 32.5 శాతం శుద్ధమైన యూరియా ఉంటుంది. చేనుకి చల్లేదానికి 2015 నుంచి వేపనూనె పూత. అది ఇంజెక్టరుకి అడ్డం పడుతుంది, కడిగితే పోతుంది. నాకు భయం వేసింది బోరు నీళ్ళ గురించి.

పొగగొట్టంలో ఉండే క్యాటలిస్ట్ చాలా బళ్ళలో జియోలైట్. ఎస్ఎస్‌జెడ్-13 అనే రకంలో గూళ్ళుంటాయి, గూటి వాకిలి 0.38 నానోమీటర్లు. ఆ గూళ్ళలో రాగి అయాన్లు ఒక్కొక్కటిగా, గుంజకి కట్టేసిన ఆవుల్లా ఉంటాయి. గుంజ అంటే జియోలైట్లో అల్యూమినియం ఉన్నచోటి రుణావేశం. యూరియా నుంచి వచ్చిన అమ్మోనియా రాగిని పట్టుకుంటే పలుపు కాస్త వదులవుతుంది. పక్కపక్క గుంజల ఆవులు రెండు పలుపు అందినంత దూరం వచ్చి కలుసుకుంటేనే అక్కడ ఆక్సిజన్ పని చేస్తుంది, విషపు నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్, నీళ్ళు అయిపోతాయి. 2017లో సైన్స్ పత్రికలో ఈ సంగతి చదివినప్పుడు మా ఊరి కొట్టమే కళ్ళముందు కనబడింది.

ఇక్కడే థర్మోడైనమిక్స్ మొదలవుతుంది. బాగా వేడెక్కి, నీటి ఆవిరి కూడా తోడైతే బలహీనంగా కట్టి ఉన్న రాగి అయాన్లు పలుపు తెంపుకుని ఆక్సైడు ముద్దలవుతాయి. ముద్ద మరీ చిన్నదైతే అణువులన్నీ పైపైనే ఉంటాయి కాబట్టి దానికి శక్తి ఎక్కువ, పెరగాలని చూస్తుంది. గూటి గోడలు ఒకపక్క దాన్ని పట్టి నిలుపుతాయి, ఇంకోపక్క పెరగనివ్వవు. గోడ తెగితే ముద్దదే గెలుపు. తమాషా ఏంటంటే, ల్యాబులో కాపర్ ఆక్సైడు పొడిని జియోలైటుతో కలిపి అమ్మోనియాలో వేడిచేస్తే రాగి మళ్ళీ విడివడి గూళ్ళలోకి వెళ్ళిపోతుంది. అంటే ఎవరు గెలుస్తారనేది వేడి, ఆవిరి, అమ్మోనియా, గోడలు అన్నీ కలిసి తేల్చే లెక్కన్నమాట.

బోరు నీళ్ళ కాల్షియం ఈ లెక్కని చెడగొడుతుంది. బట్టల సబ్బుపొడిలో జియోలైట్ కలిపేది కాల్షియాన్ని పట్టుకోడానికే కదా. అదే గుణం ఇక్కడ శత్రువు. కాల్షియం వచ్చి గుంజని ఆక్రమిస్తే రాగి వీధిన పడి ముద్ద కడుతుంది. ఆ ముద్ద ఊరకే ఉండదు, పనికి రావాల్సిన అమ్మోనియానే కాల్చేస్తుంది.

"రాగిముద్ద అయితే మంచిదే కదప్పా" అన్నాడు చిన్నాయన :-)

ప్రోగ్రాము రాయనన్నా. నవ్వు ఆగిపోయింది. "టమోటా రోడ్డు మీద పారబోసే రోజు నీ లెక్క ఎవురికి గావాల?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ట్యాంకు, ఇంజెక్టరు కడిగించే ఖర్చులో సగం ఇస్తానంటే తీసుకోలేదు.

కనుమ మర్నాడు సీలు తియ్యని క్యాను తెచ్చి పోశాడు. దీపం ఆరింది. లోపల రాగి ఎంత ముద్ద కట్టిందో ఆ డబ్బా కోసి చూస్తే తప్ప తెలీదు.