నౌకరీ నక్కో

మా అమ్మీ ఈనాటికీ ‘నౌకరీ’ అనే మాటను దువా అడిగినట్టే పలుకుతుంది. ‘కారోబార్’ అన్నప్పుడు గానీ, ‘హునర్’ అన్నప్పుడు గానీ ఆమెకు ఆ గొంతు రాదు. పాతబస్తీలో చాలా ఇళ్లలో ఇంతే. ఎందుకో తెలియాలంటే మా దాదా దగ్గరికి వెళ్లాలి.

దాదా నిజాం సర్కారు దఫ్తర్లో గుమాస్తా. రజాకార్లతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఉర్దూలో ముత్యాల్లాంటి చేతిరాత, అదే ఆయన ఆస్తి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగాక దఫ్తర్లు మారాయి, దఫ్తర్ల భాషా మారింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్ల దోపిడీ పోవాల్సిందే, కాదనను. కానీ వాటినే నమ్ముకున్న మున్షీల, నౌకర్ల పొయ్యిలు ఆరిపోయిన సంగతి మన చరిత్ర పుస్తకాల్లో ఎన్ని పేజీల్లో ఉంది? 1918లో ఉర్దూ మాధ్యమం కోసం పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఇంగ్లీషులోకి మారిపోయింది. చదువుకున్న మనిషి నిలబడ్డచోటే నిరక్షరాస్యుడయ్యాడు. దాదా చత్తాబజార్‌లో ఒక అరుగు మీద కూర్చుని అర్జీలు, పెళ్లి రుక్కాలు రాసి బతికాడు.

అబ్బా ఆ దెబ్బ నుంచి పాఠం నేర్చుకున్నాడు. రాత్రుళ్లు తెలుగు నేర్చుకుని, పరీక్ష రాసి, సర్కారు గుమాస్తా అయ్యాడు. నన్ను తెలుగు మీడియంలో వేశాడు. గల్లీలో పిల్లలు నన్ను ‘తెలుగోడు’ అన్నారు. బడిలో పిల్లలు ‘తురకోడు’ అన్నారు. బి.ఏ. అయ్యాక ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. నెల నెలా జీతం, పి.ఎఫ్., మెడలో గుర్తింపు కార్డు. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే పోలీసులు ఆపినప్పుడు ఆ కార్డే నా తావీజు. ఈ మాట కొందరికి అతిగా తోచవచ్చు. 2007 మే నెలలో మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ కుర్రాళ్లను ఎట్లా పట్టుకుపోయారో, వాళ్లు తర్వాత నిర్దోషులుగా ఎట్లా బయటికొచ్చారో తెలిసినవాళ్లకు తోచదు.

ఆ పత్రికలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. నా వంతుకొచ్చిన పాతబస్తీ ఎంతంటే, కర్ఫ్యూ, గొడవ, రంజాన్ హలీం, చార్మినార్ ఫోటో కింద నాలుగు లైన్లు. మా గల్లీలో పతంగులు కట్టేవాళ్ల గురించి, లక్క గాజుల పొయ్యి ముందు పొద్దంతా కూర్చునేవాళ్ల గురించి రాస్తానంటే “స్థలం లేదు భాయ్” అనేవారు. గొడవ జరిగిన రోజు స్థలం దానంతటదే పుట్టేది. నేను రాయాలనుకున్న కథలు, తెలుగులోకి తేవాలనుకున్న ఉర్దూ రచనలు డైరీల్లోనే మగ్గిపోయాయి. 2022లో రాజీనామా ఇచ్చాను. చత్తాబజార్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైన చిన్న గది కిరాయికి తీసుకున్నాను.

“నౌకరీ నక్కో బోల్తా క్యా రే?” అంది అమ్మీ. “మీ దాదాను ఆ బజారుకు తోసేశారు. నువ్వు నీ కాళ్లతో నడిచి పోతున్నావు.” ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

మూసీకి అవతలున్న తెలుగు మిత్రులు “ఎంత ధైర్యం!” అన్నారు. ఇవతలివాళ్లు “ఖాళీగా ఉన్నావా మియా?” అన్నారు. మా అమ్మాయికి సంబంధాలు చూసే మషాతా తన నోటుబుక్కులో ‘అబ్బా: నౌకరీ’ అన్నది కొట్టేసి, ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చుంది. రైటర్ అని రాయమన్నాను. “దస్తావేజు రైటరా?” అని అడిగింది. నవ్వొచ్చే మాటే. కానీ ఆ రోజు మా అమ్మాయి మొహంలో నవ్వు లేదు.

నా భార్య మాత్రం నిదానంగా ఒక మాటంది. ఆమె ఇంట్లోనే కార్‌చోబ్ వేసుకుని జర్దోజీ పని చేస్తుంది. తెలుగువాళ్లు మగ్గం వర్క్ అంటారే, అదే. “మీరు మూడు నెలల నుంచి చేస్తున్నది నేను ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నా. నన్నెవరూ ధైర్యవంతురాలు అనలేదేం?”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. దేశంలో ముస్లింలు నెలజీతం కొలువుల్లో తక్కువనీ, స్వయం ఉపాధిలో ఇతరులకంటే ఎక్కువనీ 2006లోనే సచార్ కమిటీ లెక్కలతో సహా చెప్పింది. ఆటో, పంక్చర్ దుకాణం, గాజులు, జర్దోజీ, వెల్డింగ్. వీటిలో ఎంతమంది ఇష్టపడి ఎంచుకున్నారు? నౌకరీ దొరకక చేసే సొంత పనికి బస్తీలో పేరు ‘మజ్బూరీ’. నౌకరీ వదిలి చేసే సొంత పనికి పత్రికల్లో పేరు ‘సృజనాత్మక జీవితం’. చేతులు చేసే పని ఒక్కటే కావచ్చు, పేర్లు వేరు.

మన నగర చరిత్రలో కొలువు వదిలి కళను నమ్ముకున్న ఘనుడు లాలా దీన్‌దయాళ్. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగి. 1880లలో ఆ నౌకరీ విడిచి ఫోటోగ్రఫీనే వృత్తి చేసుకున్నాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫోటోలు తీసేది ఒక ఇంగ్లీషు మహిళ. ఆయన ప్రతిభకు సలాం. అయితే ఆయన వెనక ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారు ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

నా గది కింది వీధిలో ఉన్న కాతిబ్‌లకు ఏ దర్బారూ లేదు. ఉర్దూ పత్రికలు ఒకప్పుడు వాళ్ల చేతిరాతతోనే అచ్చయ్యేవి. 1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక నూరీ నస్తాలీఖ్ అక్షరాలతో కంప్యూటర్ మీదికి ఎక్కింది. 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చి మన పత్రికల్లోనూ కాతిబ్‌ల చాపలు చుట్టేసింది. వాళ్లు పెళ్లికార్డులకు, సైన్‌బోర్డులకు మళ్లారు. వాళ్లలో ఎవరూ రాజీనామా ఇవ్వలేదు.

నేను ఇవ్వగలిగాను. చేతిలో పి.ఎఫ్. డబ్బుంది, నోట్లో రెండు భాషలున్నాయి, ఇంట్లో భార్య సంపాదన ఉంది. ‘నక్కో’ అనాలంటే ముందు మనకెవరైనా ఏదైనా ఇచ్చి ఉండాలి. నా స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క దాచిపెడితే అది మా బస్తీని అవమానించడమే.

గౌరవం ఒక్కటే వస్తే చాలదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. సంతోషం. లాడ్‌బజార్‌లో గాజు కొనేటప్పుడు, ఆ గాజు చేసిన చేతికి ఎంత ముట్టిందని కూడా ఒకసారి అడగండి.

మా ఇంట్లో ఇప్పుడు ఒకే ఖాతా పుస్తకం ఉంది. ఒకవైపు నా అనువాదాల పేజీలు, స్క్రిప్టులు. ఇంకోవైపు ఆమె జాకెట్లు, దుపట్టాలు. సగం డబ్బు ముందే ఇవ్వాలని ఆమె తన షావుకార్లకు చెప్పింది. ఒకడు పోయాడు, ఒకడు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. ఆమెను చూసి నేనూ అదే నేర్చుకున్నాను. రంజాన్ వచ్చిందంటే “మీవాళ్ల పండగ గురించి ఒక మంచి వ్యాసం రాయండి” అని లౌకిక మిత్రులు ఫోన్ చేస్తారు. రాస్తాను. కానీ ముందు పారితోషికం ఎంతని అడుగుతాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఈ నెల కిరాయి మాత్రం కట్టేశాను.