దేవుళ్లను సాగనంపే ఊరు

నంద్యాలలో కడప బస్సు ఎక్కితే నలభై కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ. బస్సు ఆగకముందే రోడ్డు పక్కన దేవుళ్లు పలకరిస్తారు. తొండం ఇంకా పూర్తికాని వినాయకుడు, గద పట్టబోతున్న ఆంజనేయుడు, కళ్లు తెరవని అమ్మవారు... అందరూ గుడికోసం ఎదురుచూస్తున్నవారే!

ఇక్కడి శిల్పికి మొదటి పాఠం రాయిని వినడం. సుత్తితో తడితే గంటలా మోగేది పురుష శిల, అది దేవుడికి. కాస్త మెత్తగా పలికేది స్త్రీ శిల, అది అమ్మవారికి. అసలు పలకనిది పీఠానికి. ఆ తర్వాత కొలతలు. మూర్తి ముఖం పొడవే కొలబద్ద. మిగతా ఒళ్లంతా ఆ లెక్కలోనే ఒదగాలి. చివర్లో ముక్కు దగ్గర ఒక్క దెబ్బ తప్పినా చేసిన కష్టమంతా వృథా. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు మరి!

ఈ నేలకు దేవుడితో చుట్టరికం కొత్తది కాదు. పాతిక కిలోమీటర్ల అవతల నల్లమలలో నవ నారసింహుల అహోబిలం ఉంది. ఆ కొండకు 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. ఏటా సంక్రాంతి వెళ్లగానే స్వామి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా పల్లకీలో ఊరూరా తిరిగి, తన పెళ్లికి రమ్మని తానే పిలుస్తాడు. చెంచులక్ష్మిని మనువాడిన అల్లుడు కదా, ఆ మాత్రం మర్యాద తప్పదు!

బయటివాళ్లకు మాత్రం ఆళ్లగడ్డ అంటే ఫ్యాక్షనే. సినిమాల్లో గాల్లోకి లేచే సుమోలే. ఆ ఊరికి దగ్గర్లోని ఉయ్యాలవాడ కథ వింటే ఆ అభిప్రాయం మారుతుంది. 1846లో కుంఫిణీ మీద తిరగబడిన నరసింహారెడ్డిది ఆ ఊరే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను 1877 దాకా కోట మీద వేలాడదీసి ఉంచారు. 1866 కరవులో గాదెలు తెరిచి వేలమంది ఆకలి తీర్చిన బుడ్డా వెంగళరెడ్డిదీ అదే ఊరు. మొదటాయన్ను 2019లో 'సైరా' సినిమా లోకమంతటికీ చూపించింది. రెండో ఆయన్ను జానపదులే పాటల్లో దాచుకున్నారు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఆళ్లగడ్డకు కలెక్టరాఫీసు దగ్గరైంది. అంతకుముందే 2010వ దశకంలో ఇక్కడి రాతి శిల్పానికి జీఐ గుర్తింపు దక్కింది. పేరు వచ్చింది సరే, పని మాటేమిటి? కోత యంత్రాలు వచ్చాక రోజులు పట్టే పని గంటల్లో అవుతోంది. వాటితోపాటు రాతి పొడీ ఎక్కువైంది. ముక్కుకు అడ్డం లేకుండా ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకే ముప్పు. యంత్రం రాయిని కోయగలదు, అమ్మవారి పెదవి మీద చిరునవ్వు మాత్రం ఉలి పట్టిన చెయ్యే తేవాలి. ఆ చేతి పనిని తండ్రి నుంచి కొడుకు అందుకుంటాడా అన్నదే అసలు ప్రశ్న.

పని పూర్తయిన విగ్రహాన్ని గడ్డి పరిచి లారీ ఎక్కిస్తారు. ప్రతిష్ఠ అయ్యాక భక్తులు దాని ముందు చేతులు జోడిస్తారు. చెక్కినవాడి పేరు ఎవరూ అడగరు. ఈసారి కొత్త గుడికి వెళ్లినప్పుడు, 'స్వామిని ఎక్కడ చెక్కించారు?' అని పూజారిని ఒక్క మాట అడిగి చూడండి. ఆళ్లగడ్డ అనే సమాధానం రావచ్చు!