పెన్సిల్‌తో తెల్లబడ్డ అమ్మ

పెళ్లిచూపుల కోసం తీయించిన ఫొటోలో ఉన్నది మా అమ్మ కాదు. ట్రంకుపెట్టెలోంచి తీసి చూసిన ప్రతిసారీ నాకు అదే అనిపిస్తుంది. చెంపలు మీగడలా ఉంటాయి. మెడ దగ్గరికొచ్చాక గానీ మా అమ్మ మొదలవదు.

1984. అమ్మ పనికెళ్లే ఆసామి ఇంట్లో పాత ‘విజయచిత్ర’లు పారేస్తే తెచ్చి మట్టిగోడకి అంటించేవాళ్లు. చందమామ వాళ్లు 1966లో పెట్టిన పత్రిక అది. కింద పడుకుంటే పైనుంచి హీరోయిన్లు చూస్తుండేవాళ్లట. అందులో ఒక పేజీ ఒలిచి, మడిచి, టౌన్లో స్టూడియోకి తీసుకెళ్లింది అమ్మ. అలాగే తల వంచి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఫొటో ఇచ్చేటప్పుడు ఆయన, “పెన్సిల్ వేశాలే పిల్లా, తేటగా వచ్చావ్” అన్నాడట.

ఆ పెన్సిల్ సంగతి నాకు చాలా ఏళ్లకి అర్థమైంది. నెగెటివ్ మీద నల్లగా గీసిన చోట ప్రింటులో తెల్లబడుతుంది. వెనక లైటు పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముడతలూ మచ్చలూ పూడుస్తారు. 1930ల్లో హాలీవుడ్‌లో జార్జ్ హరెల్ తీసిన జోన్ క్రాఫర్డ్ చిత్రాల్లో ఆమె మొహం నిండా ఉండే గోధుమ చుక్కలు మాయమైంది కూడా ఇలాగే. (ప్రబంధ నాయికల ముఖచంద్రుల గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఆ పెన్సిలే గుర్తొస్తుంది.)

ఆ ఫొటో చూసి మా నాన్న వాళ్లు వచ్చారు. అమ్మ కాఫీ గ్లాసులు తెచ్చింది. నానమ్మ తేరిపార చూసి, “ఫొటోలో పిల్ల వేరు, ఈ పిల్ల వేరు” అంది. కట్నం ఇంకో వెయ్యి పెరిగింది. తాత పాడిగేదెని అమ్మాడు. ఆసామి కాదు, ఏ అగ్రహారమూ కాదు, ఆ మాటన్నది మన పేట మనిషే. నానమ్మ అమ్మకన్నా నలుపు. ఇది రాయకుండా దాటేద్దామని రెండు వారాలు చూశాను.

పి.కె. రోజీ గురించి చదివినప్పుడు నాకు ముందు ఫొటోలే గుర్తొచ్చాయి. మలయాళంలో మొట్టమొదటి హీరోయిన్, పులయ స్త్రీ. ‘విగతకుమారన్’లో నాయర్ యువతి వేషం వేసినందుకు తిరువనంతపురంలో రాళ్లేశారు, తరిమేశారు. తమిళనాడు వెళ్లి, పేరు మార్చుకుని బతికింది. ఆ సినిమా రీలు ఒక్కటీ మిగల్లేదు. ఏ గోడకి అంటిస్తాం ఆమెని? 2023 ఫిబ్రవరిలో గూగుల్ పెట్టిన డూడుల్ కూడా గీసిన బొమ్మే.

మొన్న అమ్మకి కొత్త ఫోన్లో ఫొటో తీశాను. నేనేమీ నొక్కకుండానే మొహం తెల్లబడింది. అమ్మ పట్టి పట్టి చూసి, “ఎవరే ఈవిడ?” అంది.

సెట్టింగుల్లో వెతికి ఆ బ్యూటీ మోడ్ తీసేసి మళ్లీ తీశాను.

“పాపిట వంకరగా వచ్చింది, ఇంకోటి తియ్యి” అంది.