అక్షరం నెత్తిన అంకె

తన పాటల నోటుపుస్తకం మొదటిసారి తెరిచి చూసినప్పుడు ఏదో లెక్కల పుస్తకం అనుకున్నాను. పేజీ నిండా తమిళ అక్షరాలు. అక్కడక్కడా అక్షరం నెత్తిన బుల్లి అంకె. 2, 3, 4. “ఇవేమిటి?” అంటే తను నవ్వి, నా పెన్ను తీసుకుని వేసి చూపించింది. తమిళంలో ప ఫ బ భలకు కలిపి ఒకటే అక్షరం. ప మీద 3 వేస్తే బ. 4 వేస్తే భ. తెలుగు కీర్తనను తమిళ లిపిలో రాసుకోవాలంటే ఇలా అంకెల సాయం కావాలి. ఆరో ఏట నుంచి పాట నేర్చుకుంటోంది తను. అలాంటి పుస్తకాలు మూడున్నాయి. వాటిలో సగానికి పైన తెలుగే. ఒక్క పాటకీ అర్థం తెలియదు.

“ఒక్కదానికీ తెలియదా?” అన్నాను.

“రాముడి పేరు వస్తే రాముడి పాట, కృష్ణుడి పేరు వస్తే కృష్ణుడి పాట. అంతవరకే,” అంది.

నాది రాజోలు పక్క ఊరు. తెలుగు నాకు ఉగ్గుపాలతో పట్టారు. సంగీతం మాత్రం పట్టలేదు. నాన్న క్యాసెట్ల పెట్టెలో 1980 నాటి ‘శంకరాభరణం’ ఉండేది, అది అరిగిపోయేదాకా విన్నాం. పెళ్లిళ్లలో సన్నాయి వినేవాణ్ణి. అంతకుమించి కచేరీ అనేది ఒకటుంటుందనీ, రెండున్నర గంటలు కదలకుండా కూర్చుని వింటారనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చేదాకా నాకు తెలియదు. అలా మాట నా దగ్గరా, పాట తన దగ్గరా ఉండిపోయాయి.

తను నా గర్ల్‌ఫ్రెండ్. ఈ మాట రాయడానికి కాస్త ఆలోచించాను. స్నేహితురాలు అంటే చాలదు. ప్రేయసి అంటే పద్యనాటకంలో మాటలా ఉంటుంది. ‘నేను ప్రేమించిన అమ్మాయి’ అంటే కథ ముగిసిపోయినట్టు వినిపిస్తుంది. ఆఫీసులో అందరూ అనేది గర్ల్‌ఫ్రెండ్ అనే. ఆ మాటే ఉంచుతాను.

ఆ ఏడు క్రిస్మస్ నుంచి జనవరి ఒకటి దాకా మా ఆఫీసుకు సెలవులిచ్చారు. ఎనిమిది రోజులు. తోటివాళ్లు కొందరు గోవాకు, కొందరు కొడైకెనాల్‌కు టికెట్లు తీసుకున్నారు. నేనూ ఏదో కొండ మీది ఊరి పేరు చెప్పాను. “కొండ ఎక్కడికీ పోదు డా. మార్గళి వెళ్లిపోతుంది,” అంది తను. మార్గళి అంటే మన ధనుర్మాసం. మా ఊళ్లో ఆ నెలంతా తెల్లవారుజామున ముగ్గులు, గొబ్బెమ్మలు, గుళ్లో తిరుప్పావై. ఇక్కడా ముగ్గులున్నాయి, తిరుప్పావై ఉంది. దాని మీద కచేరీలు. మైలాపూరు మాడవీధుల్లో పొద్దున్నే భజన వింటూ నడిచి, అట్నుంచి అటే సభకు వెళ్లిపోవచ్చు.

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దాంతోపాటు సంగీత మహాసభ కూడా పెట్టారు. అక్కడ పుట్టిన ఆలోచనతో 1928లో మ్యూజిక్ అకాడమీ వచ్చింది. డిసెంబరు కచేరీల ఆనవాయితీ దాంతో ఊపందుకుంది. ఇప్పుడు మైలాపూరు, ఆళ్వారుపేట, టి.నగర్ అంతా సభలే. పొద్దున మొదలైతే రాత్రి దాకా ఒకదాని వెనక ఒకటి. సాయంత్రం పెద్ద విద్వాంసులు పాడతారు, దానికి టికెట్టు. మధ్యాహ్నం కుర్రవాళ్లు పాడతారు, చాలా సభల్లో వాటికి డబ్బు పుచ్చుకోరు. మేము ఎక్కువగా వెళ్లింది వాటికే. ఖర్చు లేదని కాదు. కొత్తగా పాడేవాళ్ల దగ్గర ఒక భయం ఉంటుంది. కొత్తగా వింటున్న నాకు ఆ భయం దగ్గరగా అనిపించేది.

సభ అంటే కేంటీను కూడా. పొద్దున పొంగలి, వడ, డవరా గ్లాసులో కాఫీ. మధ్యాహ్నం అరిటాకులో భోజనం. పక్కన కూర్చున్న పెద్దాయన సాంబారు కలుపుకుంటూ నిన్న విన్న తోడి రాగం గురించి మొదలుపెడతాడు. ఎదుటి బల్ల దగ్గర పట్టుచీర కట్టుకున్న మామి సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, అందులో రాసుకున్న రాగం పేరు సరో కాదో అడుగుతుంది. ఒకరికొకరు పరిచయం లేదు. పేర్లు కూడా అడగరు. నాకా ఊళ్లో అంతకు ముందు రెండేళ్లలో పరిచయమైన వాళ్లకంటే ఆ ఎనిమిది రోజుల్లో పలకరించినవాళ్లే ఎక్కువ.

మొదటి కచేరీ ఇరవై రెండేళ్ల అమ్మాయిది. తంబురా శ్రుతి కుదిరింది, వర్ణం ఎత్తుకుంది. మొదటి మాటకే నేను ముందుకు వంగాను. ‘నిన్నుకోరి’. ఇది నాకు తెలుసు! ‘ఘర్షణ’ సినిమాలో చిత్ర పాడింది. టీవీలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తన చెవిలో అదే చెప్పాను. “ఇళయరాజా ఆ ఎత్తుగడ ఇక్కణ్ణించే తీసుకున్నారు. ఇది మోహన వర్ణం. నాకు తొమ్మిదేళ్లప్పుడు నేర్పారు,” అంది. ఆగి, “నిన్నుకోరి అంటే ఏమిటి?” అంది.

నిన్నే కావాలనుకుని, అని చెప్పాను.

తను నా వైపు తిరగలేదు. వేదికనే చూస్తూ ఉండిపోయింది. వర్ణం అయ్యాక, చప్పట్ల మధ్య, “ఇన్నేళ్లు పాడాను. ఎవరినో ఇంత గట్టిగా అడుగుతున్నానని నాకు తెలియలేదు,” అంది.

ఆ వర్ణం కట్టినవారు రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్. పూచి అయ్యంగార్ అని పిలుస్తారు. తమిళదేశంలో పుట్టి, అక్కడే పాడి, వర్ణాన్ని మాత్రం తెలుగులో కట్టారు. ఆయన శిష్యుడే అరియక్కుడి రామానుజ అయ్యంగార్. ముందు వర్ణం, తరవాత కీర్తనలు, నడుమ ఒక పెద్ద రాగం, మృదంగానికి విడిగా సమయం, చివర చిన్న పాటలు, మంగళం. ఇవాళ మనం వినే కచేరీకి ఈ వరస కుదిర్చింది ఆయనేనని అక్కడ అందరూ చెప్తారు. నాకైతే విందులో వడ్డన గుర్తొచ్చింది. ఏది ముందో ఏది వెనకో తెలిసి వడ్డించేవాడుంటే ఆకలి కూడా క్రమంగా పెరుగుతుంది.

రెండో రోజుకు మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. రాగం సంగతి తను చెప్పాలి, మాట సంగతి నేను చెప్పాలి. తాళం దగ్గరే చిక్కొచ్చింది. ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు. చివరికి తను నా కుడిచెయ్యి తన ఒళ్లోకి లాక్కుని అరచేతి మీదే వేసింది. ఒక దెబ్బ. తరవాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పి వెయ్యడం. ఇంకోసారి దెబ్బ, తిప్పి వెయ్యడం. మొత్తం ఎనిమిది. ఆదితాళం. తాళం అంటే ఎక్కడో మృదంగం దగ్గర జరిగే పని అనుకున్నవాణ్ణి. ఆ రోజు నుంచి అది నా అరచేతిలో ఉంది.

తని ఆవర్తనం, అంటే మృదంగానికి విడిగా ఇచ్చే సమయం, మొదలు కాగానే హాల్లో చాలామంది లేచి కాఫీకి బయల్దేరారు. మేము కదల్లేదు. మృదంగం ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. నేను లెక్క తప్పాను. తను మాత్రం నా అరచేతి మీద ఎనిమిదీ వేస్తూనే ఉంది. ఆఖరికి ముక్తాయింపు మూడుసార్లు తిరిగి, సరిగ్గా పాట ఎత్తుగడ మీద వచ్చి వాలింది. నా నోట ‘ఆహా’ వచ్చేసింది. తని సమయంలో లేచిపోవడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. గంటన్నర సేపు ఇంకొకరి పాట వెంట నడిచిన మనిషికి తనకంటూ దొరికే ఆ పావుగంట మనం కూర్చుని వినాలి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక చిన్న హాలు. ముప్పైమంది కూడా లేరు. పాడుతున్న ఆవిడ చివర్లో క్షేత్రయ్య పదం తీసుకున్నారు. పదం నడక బాగా నెమ్మది. ఒక మాట విడిచి ఇంకో మాట అందుకునే లోపు చెవిలో అర్థం చెప్పడానికి బోలెడు వ్యవధి. కానీ గొంతు పెగల్లేదు. మువ్వగోపాలుడి మీద అలిగిన ఆడమనిషి మాటలవి. పక్కన కూర్చున్న మనిషికి అంత దగ్గరగా వంగి చెప్పాలంటే నాకు సిగ్గేసింది. కృష్ణాజిల్లా మొవ్వ గోపాలుడి మీద పుట్టిన ఆ పదాలను మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటి ఆడవాళ్లు కంటికి రెప్పలా కాపాడారు. మనవరాళ్లు బృంద, ముక్త పాడారు. ఇంకో మనవరాలు బాలసరస్వతి అభినయం పట్టారు. అవన్నీ తనకు తెలుసు. తెలియనిది మాటే.

అలుకకు ఇంగ్లీషు మాట కోసం తడుముకున్నాను. కోపం కాదు, విసుగు కాదు, దెబ్బలాట కాదు. “ప్రేమ ఉన్నచోటే వస్తుంది. బతిమాలితే పోతుంది. బతిమాలాలనే వస్తుంది,” అని ఏదో చెప్తున్నాను. తను టక్కున “ఊడల్!” అంది. సంగం కవుల కాలం నుంచీ తమిళంలో దానికా మాట ఉంది. రెండు భాషల్లోనూ ఉన్న మాటకోసం మేము మూడో భాషలో వెతికాం. ఆ తరవాత నుంచి పాట గురించి ఇంగ్లీషులో మాట్లాడుకోవడం తగ్గించాం. తను తమిళంలో, నేను తెలుగులో. ఎంత అందితే అంత.

ఆ సాయంత్రమే మాకు అలుక వచ్చింది. పేరున్న గాయకుడొకరు త్యాగరాజ కీర్తనలో ఒక మాటను నడిమికి విరిచారు. ముందు సగం ఇటు, వెనక సగం అటు పోయి అర్థం తారుమారైంది. బస్టాపులో నిలబడి గట్టిగానే అన్నాను, మీవాళ్లు మా భాషను ఖూనీ చేస్తున్నారని. తను ఏమీ అనలేదు. బస్సు ఎక్కి కూర్చున్నాక, “తప్పే. ఒప్పుకుంటాను. మీ ఊళ్లో ఈ కీర్తన సరైన తెలుగులో ఎవరు పాడుతున్నారో చెప్పు. అక్కడికే వచ్చి నేర్చుకుంటాను,” అంది.

రాత్రి నాన్నకు ఫోను చేశాను. ఆయన చెప్పినవన్నీ పొద్దున్నే తనకు చెప్పాను. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల పెట్టారని, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాలని, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వాయులీనం నేర్పారని. తను శ్రద్ధగా విని, “నేను అడిగింది మీ ఊరు,” అంది. మా ఊళ్లో నాకు తెలిసి ఎవరూ లేరు.

త్యాగరాజు 1767లో పుట్టి 1847లో పోయారు. కావేరి ఒడ్డున ఉండి తెలుగులో పాడారు. అంతకు ముందు తంజావూరును ఏలిన నాయకరాజులు తెలుగువాళ్లు. వాళ్ల తరవాత వచ్చిన మరాఠా రాజులూ కొలువులో తెలుగును ఆదరించారు. ఆ కొలువులన్నీ పోయాయి. పాటలు పోలేదు. భను బ అనకూడదని, ఘను గ అనకూడదని, అర్థం తెలియని పిల్లలు అక్షరం నెత్తిన అంకె వేసుకుని వల్లె వేశారు. తరం తరవాత తరం వేస్తూనే ఉన్నారు. మాట విరిస్తే విరిచారనే చెప్పాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. ముందు మాత్రం ఆ నోటుపుస్తకాలకు దణ్ణం పెట్టాలి. ఈ మాట తనతో కూడా అన్నాను.

అప్పుడు మేము ఎలియట్స్ బీచిలో ఉన్నాం. చెరొక చెవిలో ఒకే ఇయర్‌ఫోను. తను మహతి రాగం పెట్టింది. స, గ, ప, ని. ఉన్నవి నాలుగే స్వరాలు. వాటితోనే నిండుగా ఉంది. వింటుంటే ఇంకో స్వరం కావాలనిపించలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కల్పించిన రాగమట. 1975లో వచ్చిన తమిళ సినిమా ‘అపూర్వ రాగంగళ్’లో ఏసుదాసు పాట ఒకటి ఈ రాగంలోనే ఎత్తుకుంటుంది. బాలమురళీకృష్ణ పుట్టింది శంకరగుప్తంలో. మా ఊరి నుంచి సైకిలు మీద వెళ్లేవాళ్లం అక్కడికి. కొబ్బరితోటలు చూశాను, పెళ్లి భోజనాలు చేశాను, వానాకాలం మోకాలిలోతు నీళ్లలో ఆ దారి దాటాను. ఈ నాలుగు స్వరాల గురించి అక్కడ నేనెవర్నీ అడగలేదు. తను పెట్టిన ఆ పాట అలా నాలుగుసార్లు విన్నాం.

జనవరి ఒకటి సాయంత్రం సౌరాష్ట్ర రాగంలో మంగళం విని బయటికి వచ్చాం. మర్నాడు ఆఫీసు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు రాజోలు బజారులో పెద్దబాలశిక్ష కొన్నాను. ఇంట్లో ఎవరికని అమ్మ అడిగింది. చెప్పాను. అంతవరకూ చెప్పలేదు. అమ్మ కాసేపు ఏమీ అనకుండా జంతికలు డబ్బాలోకి సర్దింది. తరవాత సున్నుండల డబ్బా ఇంకొకటి తెచ్చి, ఆ పుస్తకం పక్కనే నా సంచిలో పెట్టింది.

తను రోజూ రాత్రి ఒక పేజీ రాస్తుంది. మొదట్లో వత్తులు మరిచిపోయేది. ఇప్పుడు మరవడం లేదు. ఈ డిసెంబరులో సభకు వెళ్లేటప్పుడు తన సంచిలో నాలుగో నోటుపుస్తకం ఉంది. మొదటి పేజీలో మోహన వర్ణం తెలుగులో రాసుకుంది. అక్షరాల నెత్తిన తలకట్లు ఉన్నాయి, అంకెలు లేవు.