బట్టమేక బీడులో పిల్లిగద్దల సాయంత్రం

కర్నూలు నుంచి శ్రీశైలం వెళ్లే బస్సు నందికొట్కూరులో కాసేపు ఆగుతుంది. జనం దిగి టీ తాగుతారు, మళ్లీ ఎక్కేస్తారు. తర్వాత ఆత్మకూరు, ఆపైన నల్లమల అడవి, ఘాట్ రోడ్డు, మల్లన్న దర్శనం. నంద్యాల వైపు వెళ్లేవాళ్లకు మహానంది, అహోబిలం ఉండనే ఉన్నాయి. ఈ రెండు దారులకూ నడుమ మిడుతూరు మండలంలో ఒక పెద్ద గడ్డి బీడు ఉంది. అటు తిరిగే కారు మాత్రం ఎప్పుడో ఒకటి కనిపిస్తుంది. అందులో దిగేవాళ్ల మెడల్లో బైనాక్యులర్లు వేలాడుతుంటాయి.

అదే రోళ్లపాడు.

కొండ లేదు, జలపాతం లేదు, గుడి లేదు. నీడకు నిలబడదామంటే చెట్టు కూడా వెతుక్కోవాలి. మొదటిసారి వచ్చినవాళ్లు ‘ఇంతకీ ఇక్కడ చూడ్డానికేముంది?’ అనే అడుగుతారు. మాఘమాసం చివర్లో, చలి సర్దుకుని వెళ్లిపోతున్న రోజుల్లో, తెల్లవారుజామున అక్కడ అరగంట నిలబడితే చాలు, ఆ ప్రశ్న మరి రాదు.

ముందు చెవులకు తెలుస్తుంది

ఆరు గంటలకు ఇంకా మసక చీకటే. గడ్డి నిండా మంచు. చెప్పులతో వస్తే నాలుగడుగుల్లో కాళ్లు తడిసిపోతాయి. కంటికి ఏదీ కనబడకముందే చెవికి వినబడుతుంది. ఎక్కడో పైన, ఆకాశంలో, ఆగకుండా పాట. భరతపక్షి జాతి పిట్టలవి. మన ఊరపిచ్చుకంత ఉంటాయి, మట్టి రంగు. నేలమీద కూర్చుంటే మట్టిబెడ్డకీ దానికీ తేడా తెలీదు. పాడాలంటే మాత్రం పైకి లేవాల్సిందే. కొమ్మ మీద కూర్చుని పాడదామంటే ఇక్కడ కొమ్మలేవి? అందుకే ఆకాశాన్నే వేదిక చేసుకున్నాయి.

ఆ వెంటనే తీతువు అరుస్తుంది. తీతువు కూస్తే చావు కబురు వస్తుందని మన పల్లెల్లో భయం. దాని గుడ్లు నేలమీద, రాళ్ల మధ్య ఉంటాయి. మనిషి అటు రావడం చూసి బెంబేలెత్తి అరుస్తుంది, అంతే. పాపం, అపశకునం ముద్ర మాత్రం దానికి పడిపోయింది.

వెలుతురు వచ్చాక జింకలు కనిపిస్తాయి. మెలికల కొమ్ములతో నల్లటి మగజింక మెడ వెనక్కి విరిచి నడుస్తుంటే ఆడజింకలు పట్టనట్టు గడ్డి మేస్తుంటాయి. దూరంగా గుంటనక్క ఒకటి బొరియ ముందు ఎండ కాచుకుంటూ ఉంటుంది. అదృష్టం ఉంటే తోడేలు. ఇంకాస్త ఓపిక ఉంటే పొడవాటి కాళ్లతో నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగి, మళ్లీ పరిగెత్తే ఎర్రమట్టి రంగు కోర్సర్ పిట్టలు. ఎనిమిది గంటల ప్రాంతంలో పోలంకలు గుంపులుగా నీళ్లకు బయల్దేరతాయి. రోజంతా ఎండు గింజలే తినే పక్షులివి. అందుకే నీటిగుంట దగ్గర హాజరు మాత్రం తప్పనిసరి. ఏ వేళకు వస్తాయో తెలిస్తే గుంటకు దూరంగా కూర్చుని చూడొచ్చు. గుంట ఒడ్డునే కూర్చుంటే అవి దిగవు, దాహంతోనే వెనక్కి పోతాయి. ఫొటో మోజులో ఈ సంగతి మరిచిపోయేవాళ్లు ఎక్కువవుతున్నారు.

ఎవరికోసం ఈ బీడు?

నిజానికి ఈ బీడును కాపాడింది భరతపక్షి కోసమూ కాదు, జింక కోసమూ కాదు. బట్టమేక కోసం.

మీటరు ఎత్తు, మగపక్షి అయితే 15 కిలోల దాకా బరువు. ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఇదొకటి. జత కోసం పిలిచేటప్పుడు మగపక్షి గొంతు కింది సంచిని గాలితో నింపుకుంటుంది. అది దాదాపు నేలదాకా వేలాడుతుంది. లోపలి నుంచి ‘హూం’ అని బరువైన మోత. గడ్డి మైదానంలో చాలా దూరం వినిపించేది. మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉంటూ నెల్లూరులోనూ పనిచేసిన టి.సి. జెర్డాన్ 1860లలో భారతదేశపు పక్షుల మీద పుస్తకం వేసినప్పుడు దీని తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. అంటే అప్పటికి ఈ పేరు పల్లెజనం నోట నానుతున్నదే. స్వాతంత్ర్యం వచ్చాక దీన్నే జాతీయ పక్షిగా చేయాలని సలీం అలీ గట్టిగా సూచించారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు రోళ్లపాడులో మకాం వేసి, ఏళ్ల తరబడి బట్టమేకల వెంట తిరిగారు. ఏం తింటున్నాయి, ఎప్పుడు గుడ్లు పెడుతున్నాయి, ఎటు పోతున్నాయి... అన్నీ రాసుకున్నారు. పక్షి పెట్టేది ఒక్కటే గుడ్డు, అదీ నేలమీద. పశువు తొక్కినా పోతుంది, నక్క చూసినా పోతుంది. అందుకే అటవీ శాఖ కందకాలు తవ్వి, గట్లు పోసి కొంత గడ్డిని పశువుల నుంచి కాపాడింది. 1988లో 614 హెక్టార్ల బీడు అభయారణ్యమైంది. గడ్డి పెరిగింది. బట్టమేకలు అక్కడే పిల్లల్ని చేశాయి. దేశంలో ఎవరు బట్టమేక గురించి మాట్లాడినా రోళ్లపాడు పేరు చెప్పేవారు.

మరి ఇప్పుడు? రోళ్లపాడు బోర్డు మీద బట్టమేక ఉంటుంది. బీడులో ఉండదు. అడపాదడపా ఒకటి కనిపించిందన్న కబుర్లు తప్ప, ఇక్కడే కాపురముండి పిల్లల్ని చేసే రోజులు పోయాయి.

కందకం లోపలి గడ్డి అలాగే ఉంది కదా, మరి పక్షి ఎందుకు పోయింది? జవాబు కందకం బయట ఉంది. బట్టమేక గుడ్డు పెట్టేది గడ్డిలోనే అయినా తిరిగేది, మేసేది చుట్టుపక్కల మెట్టచేలల్లో. జొన్న, కొర్ర, ఆముదం, వేరుశనగ చేలల్లో పురుగులు, మిడతలు, గింజలు ఏరుకుని బతికేది. 614 హెక్టార్లు దానికి పడకగది మాత్రమే. వంటిల్లు ఊళ్లవాళ్ల పొలాల్లో ఉండేది. కాలువల నీళ్లు, బోర్లు వచ్చాక ఆ పొలాలు మారాయి. మెట్ట పంటల చోట నీటి పంటలు, పురుగు మందులు వచ్చాయి. దానికితోడు కరెంటు తీగలు. బట్టమేకకు ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. చూపంతా పక్కలకే. బరువైన శరీరం, తీగ కనిపించేసరికి తప్పుకునే వ్యవధి ఉండదు.

ఇందులో రైతును తప్పుపట్టడం సులువే గానీ న్యాయం కాదు. రాయలసీమలో నీళ్లొస్తే వద్దనే రైతు ఎక్కడైనా ఉంటాడా? పైగా అభయారణ్యం వల్ల ఆ ఊళ్లకు ఒరిగింది తక్కువ. పక్షి కోసం పెట్టిన కాపలాలో జింకలు బాగా పెరిగాయి. కందకం వాటికి ఒక లెక్కా! రాత్రిపూట దాటి పప్పుశనగ చేలో పడితే పొద్దున్నకు చేను నేలమట్టం. కంటిమీద కునుకు లేకుండా మంచెల మీద కాపలా కాసేది ఊళ్లవాళ్లే. బట్టమేక పేరెత్తితే వాళ్లు ముందుగా జింకల సంగతి చెప్పడంలో ఆశ్చర్యమేముంది?

దేశం మొత్తం మీద బట్టమేకలు 150కి మించి లేవని అంచనా. అత్యధికం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారిలోనే. మన పొరుగున కర్ణాటకలోని సిరుగుప్ప ప్రాంతంలో కొన్ని నమోదయ్యాయి. 2019 నుంచి జైసల్మేర్ జిల్లాలో గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని పెంచే కేంద్రం నడుస్తోంది. 2024లో కృత్రిమ గర్భధారణతో అక్కడ పిల్ల పుట్టింది. ఆ పిల్లల సంతతిని ఎప్పుడైనా బయట వదలాలంటే గడ్డి మైదానాలు కావాలి. అప్పటికి దక్కనులో అలాంటి చోట్లు ఎన్ని మిగులుతాయన్నదే అసలు లెక్క. కర్నూలు పరిసరాల్లోనే ఓర్వకల్లు వైపు దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. సౌరవిద్యుత్తు మంచిదే. కానీ రెవెన్యూ లెక్కల్లో గడ్డి నేలకు బంజరని పేరు. బంజరంటే ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చని అర్థం. ఏమీ తోచకపోతే మొక్కలు నాటే కార్యక్రమం పెడతారు. చెట్టు పెరిగితే మంచిదే అనుకుంటాం గానీ, గడ్డిలో బతికే పిట్టకు చెట్టంటే గద్ద కూర్చునే కొమ్మ!

మధ్యాహ్నం నీళ్ల దగ్గర

పది దాటితే ఫిబ్రవరిలోనూ రోళ్లపాడులో ఎండ చురుక్కుమంటుంది. పక్షులు నీడ చూసుకుంటాయి. చూసేవాళ్లు అలగనూరు రిజర్వాయరు వైపు కదులుతారు. కట్ట దెబ్బతిని నీళ్లు నిలవని ఏళ్లు కూడా చూసిందది. నీళ్లున్న ఏడాది మాత్రం పండగే. హిమాలయాల మీదుగా ఎగిరివచ్చే, తలమీద రెండు నల్లచారల బాతులు, బంగారు రంగు బాపనబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, బురదలో ముక్కులతో కెలుక్కునే ఉల్లంకి పిట్టలు. దారిలో జొన్నచేల మీద గులాబీ గోరింకలు మేఘంలా లేచి వాలుతుంటాయి. వాటిని తోలడానికి వడిసెల పట్టుకున్న పిల్లలకు ఆ అందంతో పనిలేదు. కంకిలో గింజలు మిగిలితే అదే పదివేలు.

అలగనూరు దగ్గర మరీ ఆలస్యం చేయకూడదు. నాలుగున్నరకల్లా మళ్లీ రోళ్లపాడు చేరాలి. అసలు సంగతి సాయంత్రమే.

గద్దల సంధ్య

పిల్లిగద్ద. ఈ పేరు కూడా జెర్డాన్ పుస్తకంలో ఉంది. ఎందుకా పేరు వచ్చిందో గానీ చూస్తే మాత్రం నప్పిందనిపిస్తుంది. ముఖం గుబ్లగూబలా గుండ్రం. వేట పొంచి నడిచే పిల్లిలా. మామూలు గద్దలా ఆకాశంలో గిరికీలు కొట్టదు. గడ్డి తలలకు రెండు మూడడుగుల పైన, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు లేకుండా పొలం ఈ చివరి నుంచి ఆ చివరికి గాలిస్తుంది. మగవి బూడిద రంగులో, ఆడవి గోధుమ రంగులో, తోక మొదట్లో తెల్లమచ్చతో ఉంటాయి. వీటి సొంతూళ్లు కజకిస్థాన్, రష్యా గడ్డి మైదానాలు. అక్కడ మంచు పడేలోపు బయల్దేరి మనదేశం వస్తాయి. ఉపగ్రహ పరికరాలు తగిలించి పంపిన పక్షులు వేల కిలోమీటర్ల దారిని పటం మీద గీసి చూపించాయి.

వచ్చేది మన మిడతల కోసమే. మిడుతూరు మండలానికి మిడతలు తినే గద్దలు రావడం తమాషాగా లేదూ! పగలంతా విడివిడిగా చుట్టూ ఉన్న చేలల్లో తిరుగుతాయి. తినేవాటిలో పంటకు చేటుచేసే మిడతలు, ఎలుకలే ఎక్కువ. ఆ సంగతి తెలిస్తే రైతుకు వాటి మీద కోపమేమీ ఉండదు.

పొద్దు వాలేవేళ ఒక్కొక్కటే బీడుకు తిరిగొస్తాయి. మొదట ఒకటి. దున్నిన చేలో మట్టిగడ్డ మీద కూర్చుంటుంది. కాసేపటికి ఇంకోటి. పది నిమిషాల్లో పది. ఎవరో పిలిచినట్టు అన్నీ ఒక్కసారి లేస్తాయి. నారింజరంగు ఆకాశంలో అటూ ఇటూ తేలుతూ, ఒకదాని కింద ఒకటి జారుతూ, వాలబోయి మళ్లీ లేస్తూ... చివరికి నిలువెత్తు గడ్డిలో ఒక్కొక్కటే మునిగిపోతాయి. చెట్టు మీద కాదు, నేలమీదే పడక. పశువు తొక్కని, ఎవరూ కొయ్యని ఎత్తైన గడ్డి దొరికితేనే దిగుతాయి. బట్టమేక కోసం తవ్విన కందకం లోపల అలాంటి గడ్డి ఉంది.

ఒకప్పుడు ఇక్కడ వందల్లో దిగేవి. ఇప్పుడా సంఖ్య లేదు. అయినా ముప్పై, నలభై గద్దలు ఒకేసారి తలమీద తేలుతుంటే బైనాక్యులర్ దించేసి ఊరికే చూస్తూ ఉండిపోయేవాళ్లే ఎక్కువ. ఆ సమయంలో గడ్డిలోకి నడవకూడదు, టార్చిలైటు వేయకూడదు, డ్రోన్ ఊసే ఎత్తకూడదు. బెదిరి లేచిన గద్ద చీకట్లో మరో చోటు వెతుక్కోవాలి. రాత్రి తోడేలూ, నక్కా తిరిగే చోటు ఇది.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. కర్నూలు నుంచి గంటా గంటన్నర ప్రయాణం. 2022లో జిల్లాలు విడిపోయాక రోళ్లపాడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది. దగ్గర్లో హోటళ్లు లేవు, నీళ్లూ తిండీ వెంట తీసుకెళ్లాలి. బీడులోకి అడుగుపెట్టే ముందు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. తెల్లచొక్కా, ఎర్రచీర వద్దు, మట్టి రంగు బట్టలు మేలు. గడ్డిలో రక్తపింజరి ఉంటుంది కాబట్టి బూట్లు వేసుకోవాలి, వాచర్ ముందు నడిస్తే ఆయన వెనకే నడవాలి. కళ్లు, చెవులు అలవాటుపడాలంటే ఒక్క పూట చాలదు, ఒక సాయంత్రం, మర్నాటి ఉదయం ఉంచుకోవాలి.

మరీ ఆలస్యం చేస్తే లాభం లేదు. ఉగాదికి శ్రీశైలం నడిచివెళ్లే కన్నడ భక్తులు నందికొట్కూరు రోడ్డు మీద గుంపులు గుంపులుగా కనిపించడం మొదలయ్యేసరికి పిల్లిగద్దలు ఒక్కొక్కటే ఉత్తరానికి మళ్లుతుంటాయి. మళ్లీ ఆ గడ్డి నిండేది చలికాలం మొదట్లోనే.